నా ఏబీఎస్ వైద్యం

నా పెళ్లిని దాదాపు నా చేతులతోనే చెడగొట్టుకున్నాను. అదీ బ్రేకు ఆయిలుతో. నవ్వదలచుకున్నవాళ్లు ఇక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు.

మాది ఆలూరు. పెళ్లిచూపులు రాజంపేటలో. ప్రయాణం మా నాగన్న మామ కారులో. కొత్తగా ఎర్రరంగు వేయించిన ఆ కారంటే మామకు ప్రాణం. ముందురోజు చూస్తే అందులో బ్రేకుల్లో తేడా ఉందని చెప్పే ఏబీఎస్ లైటు వెలుగుతోంది.

"షెడ్డుకు తీసుకపోతా" అన్నాడు మామ.

"నేనుండా కద మామా!" అన్నాను.

ఫోనులో ఒక వీడియో పెట్టాను. మొదటి సగమంతా జాగ్రత్తలే. జాగ్రత్తలు చేతకానివాళ్లకు గదా అని వేలితో ముందుకు జరిపేశాను.

చక్రం దగ్గరి సెన్సరుకు పట్టిన మట్టి తుడవగానే లైటు ఆరిపోయింది. అక్కడితో ఆగితే నేను నేనెలా అవుతాను? పనిలో పనిగా బ్రేకు ఆయిలు కూడా పోశాను. బానెట్టు దించి, మూత పెట్టని డబ్బాను దానిమీదే ఉంచి మీసం మెలేశాను. మోచెయ్యి తగిలి డబ్బా పడింది. తుండుగుడ్డతో తుడిచాను. తుడిచానంటే, చారెడు ఆయిలును బానెట్టంతా పులిమానన్నమాట!

తెల్లారేసరికి రంగు పాలమీది మీగడలా ముడతలు పడి ఊడొచ్చింది. అప్పుడు చూశాను వీడియో మొదటి సగం: "బ్రేకు ఆయిలు రంగును తినేస్తుంది. చుక్క పడినా వెంటనే నీళ్లతో కడగండి."

మామ లేచేలోపు బానెట్టు నిండా బంతిపూల దండలు కప్పేశాను.

"ఏందిరా ఇదంతా?"

"శుభకార్యానికి పోతాండాం కద మామా."

"నా అల్లునికి ఎంత బుద్ధి ఉండాదో!" అని మామ మురిసిపోయాడు.

రాజంపేటలో పిల్ల తండ్రి వాకిట్లోనే నిలబడిపోయాడు. "ఏందప్పా ఇది? చూపులకే పెండ్లికారు కట్టుకొచ్చినారే!"

లోపల పద్మ నా ఎదురుగా కూర్చుంది. తలెత్తి చూద్దామనుకునేలోపు, కారు చూసుకోడానికి బయటికెళ్లిన మామ కేక వినిపించింది. అందరం పరుగెత్తాం. వాళ్ల మేక పూలన్నీ మేసేసి, బోడి బానెట్టును వాసన చూస్తోంది.

"మీ మ్యాక నా కారు రంగంతా నాకేసింది!"

"మ్యాక రంగు తింటాదా అన్నా?"

"తినకపోతే యాడికి పోయినాదప్పా?"

పిల్ల తండ్రి ముఖం మాడిపోయింది. "దీన్ని ఇప్పుడే అమ్మేసి మీ కారుకు రంగేయిస్తా" అంటూ మేక తాడు పట్టుకున్నాడు. పద్మ పరుగున వచ్చి దాని మెడ కావలించుకుంది. "వద్దు నాయనా! శానా ప్రేమగా సాక్కున్యా."

ఆమె కళ్లలో నీళ్లు చూశాక ఇంకేం దాచను? "మ్యాక కాదు, నేనే" అని మొత్తం కక్కేశాను. మామ చూసిన చూపుకు మిగిలిన రంగు కూడా ఊడిపోవాల్సింది. పిల్ల తండ్రి మేక తాడు వదిలేశాడు. ఇక సంబంధం పోయినట్టేననుకున్నాను.

పద్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే వాళ్ల నాయనతో చెప్పింది. "ఈయప్పనే చేసుకుంటా నాయనా. మన ట్రాక్టరు దగ్గరికి మాత్రం రానీయొద్దు."

మామ ఇప్పుడు లేడు. ఆ రోజు ఆలూరు చేరేదాకా తిట్టిన తిట్లు మరోసారి తినాలని ఎన్నిసార్లు అనిపిస్తుందో! ఆయన మీద ఒట్టేసి, పద్మ ఎదుట, మీ అందరి సాక్షిగా చెబుతున్నాను. ఈ జన్మలో బ్రేకుల జోలికి పోను. పోవాల్సే వస్తే, ముందు మేకను కట్టేస్తాను.