చీరముక్క కట్టిన తాళంచెవులు

మా హెడ్మాస్టరు పోయారని నిన్న పొద్దున ఆదోనిలో టీ తాగుతుండగా కబురొచ్చింది. కోసిగి దగ్గరి ఆ పల్లెకు నేను చేరేసరికి ఒక పెద్దమనిషి పూలదండతో ముందే నిలబడి ఉన్నాడు. ఆయన సంగతి తర్వాత చెబుతాను.

ఆ ఊరి బడిలోనే నేను తెలుగు చెప్పి రిటైరయ్యాను. టీచర్లు పనిచేసే చోటే కాపురం ఉండాలని ఆదేశాలు రాసినవాళ్ళెవరూ అక్కడ అద్దె ఇల్లు వెతికి చూడలేదు. ఆదోనిలో ఉందామంటే అద్దెలకే జీతం హారతి కర్పూరం. అందుకే వచ్చినవాళ్ళు వచ్చినట్టే బదిలీకి పెట్టుకునేవారు. పుస్తకాల్లో గురువుకు మనం ఇవ్వని స్థానం లేదు. పల్లెలో మాత్రం గది దొరకదు.

మా వైపు కుటుంబాలు ఇంటికి తాళం వేసి, గుంటూరు వైపు మిరపకోతలకు నాలుగు నెలలు వలసపోతాయి. దాన్ని సుగ్గి అంటారు. హెడ్మాస్టరు ఆ ఇళ్ళ తాళంచెవులు అడిగేవారు. “మూసిన ఇంట్లో ఎలుకలు కాపురం పెడతాయి. దాని బదులు టీచరును పెట్టండప్పా!” ఏ చెవి ఎవరిదో తెలిసేట్టు ఆడవాళ్ళు పాత చీరముక్క కట్టి ఇచ్చేవారు. అద్దె లేదు. ఆ నాలుగు నెలల్లో ఊరు అలవాటై కొందరు టీచర్లు నిలిచిపోయారు.

ఒక ఏడు వానకు మిరప కుళ్ళి, పదో తరగతి పరీక్షలకు ముందే ఒక కుటుంబం తిరిగొచ్చింది. లోపల లెక్కల టీచరమ్మ, చంకలో పసిబిడ్డ. ఆమె పోతే లెక్కలు చెప్పే దిక్కు లేదు.

“మేం యాడ పండుకోల్ల సార్?” అన్నాడు ఇంటాయన, మూటలు గడపలో దించి.

“నీ ఇల్లు నీదేనప్పా. రవ్వంత ఆగు.”

హెడ్మాస్టరు, నిన్న దండతో నిలబడ్డ ఆ పెద్దమనిషికి ఫోన్ చేశారు. ఆదోనిలో ఆయన మేడ మీది వాటా ఖాళీగా ఉంది. ఫోన్ స్పీకర్లో ఆయన జవాబు మేమంతా విన్నాం.

“బ్యాంకాయన ఎవరన్నా ఉంటే సెప్పు సార్. టీచర్లు అద్దె పెంచితే ఏడుస్తారు.”

టీచరమ్మ పెట్టె సర్దుకుంది. హెడ్మాస్టరు దాన్ని భుజానికెత్తుకుని బయల్దేరారు. బస్సెక్కిస్తారనుకున్నాం. నేరుగా తన ఇంటికి తీసుకుపోయారు. భార్య పోయిన ఒంటరి మనిషి. ఇల్లు ఆమెకు వదిలి, పరీక్షలయ్యేదాకా తాను బడిలో బల్లలు కలిపి పడుకున్నారు. “ఈడ ఫ్యాను తిరిగినా బిల్లు నాది కాదు,” అని నవ్వేవారు.

ఆ పెద్దమనిషే నిన్న శవం ముందు నిలబడి, గురువులంటే తనకెంత గౌరవమో చెప్పాడు.

“ఇప్పుడు నీ మేడ మీద ఏ టీచరున్నాడన్నా?” అని అందరి ముందూ అడిగాను. దండ వేసి వెళ్ళిపోయాడు. చావింట్లో అడగాల్సిన మాటేనా అని ఎవరో గొణిగారు. ఇంకెక్కడ దొరుకుతాడు?

పాడె లేవబోతుండగా ఒకామె గుంపులోంచి ముందుకొచ్చింది.

“రేపు సుగ్గికి పోతాండాం. బీగంచెవి ఇంక ఎవరి చేతికి ఇయ్యల్ల?”

ఆ రోజు పెట్టె సర్దుకున్న లెక్కల టీచరమ్మ ఏడుస్తూనే చెయ్యి చాపింది. ఎర్ర చీరముక్క కట్టిన చెవి ఆమె అరచేతిలో పడింది. వెనకాల ఇంకొకామె తన కొంగుముడి విప్పుతోంది.