మత్తు ఇవ్వనని వచ్చేసిన రోజు

2023, మే నెల. ప్రకాశం జిల్లా కొత్తగా విడిపోయి ఏడాది దాటింది. మార్కాపురంలో ఒక సర్జన్ గారి క్లినిక్ నుంచి నాకు పిలుపు వచ్చింది. గజ్జల్లో హెర్నియా ఆపరేషన్, ఉదయం తొమ్మిదింటికి రమ్మన్నారు.

నేను మత్తు డాక్టర్ని. నాకు సొంత ఆసుపత్రి లేదు. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెంలలో ఎవరు పిలిస్తే అక్కడికి సంచీ పట్టుకుని వెళతాను. మత్తు ఇవ్వడంతో నా పని అయిపోదు. సర్జన్ కోసి కుట్టినంతసేపూ పేషెంట్ ఊపిరి, గుండె, బీపీ కనిపెట్టుకుని ఉండాలి.

ఆ క్లినిక్‌కు నేను వెళ్లడం అదే మొదటిసారి. ముందు గదిలో డాక్టర్ గారు పేషెంట్లను చూస్తారు. వెనక గది ఒకప్పుడు మందుల అట్టపెట్టెలు పెట్టుకునే గది. అందులో బల్ల వేసి, పైన లైటు కట్టి, తలుపు మీద ‘ఆపరేషన్ థియేటర్’ అని రాయించారు. ఎక్కడికి వెళ్లినా సామాను చూసుకోకుండా నేను సూది పట్టుకోను. ఆక్సిజన్ సిలిండర్ తిప్పాను, ముల్లు ఎర్రగీత దాటి లేవలేదు. రెండోది ఏదని అడిగితే నర్సు కరుణ నేల చూపులు చూసింది.

“అది ఖాళీదే మేడం. రీఫిల్‌కి ఒంగోలు పంపియ్యాల.”

గొంతులో చేరిన కఫం, వాంతి లాగేసే సక్షన్ మిషన్‌కు గొట్టం లేదు. ఊపిరి ఆగితే చేత్తో పిసికి గాలి పంపే ఆంబు బ్యాగ్‌కు ఉన్నది చిన్నపిల్లల మాస్క్. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైటు, ఫ్యాను మాత్రం ఆడతాయట.

“మరి రిజిస్ట్రేషన్ ఇచ్చేముందు తనిఖీకి వచ్చినవాళ్లకు ఏం చూపించారమ్మా?” అన్నాను.

“ఆ పొద్దు పక్క నర్సింగ్ హోమ్ నుంచి అన్నీ తెచ్చి పెట్టినాం మేడం. సాయంత్రం తిరిగి ఇచ్చేసినాం.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు గదిలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మాత్రం అద్దాల ఫ్రేములో తళతళలాడుతోంది.

సర్జన్ గారితో, ఈ గదిలో నేను మత్తు ఇవ్వలేనని చెప్పాను. ఆయన చేతులు కడుక్కుంటూ వెనక్కి కూడా తిరగలేదు.

“ఏంది మేడం, ముక్కాలు గంట పని. ఎన్నేండ్ల నుంచి చేస్తున్నా, ఒక్కడికన్నా ఏమన్నా అయిందా? మీరు పెద్ద పెద్ద కార్పొరేట్ లెక్కలు ఇక్కడ చెప్తే ఎట్ల?”

“ఇవి కార్పొరేట్ లెక్కలు కాదు సార్. మనిషికి గాలి ఆడకపోతే ఇవ్వడానికి ఆక్సిజన్ ఉందా అని అడుగుతున్నాను, అంతే.”

“సరే, మీ ఇష్టం.”

ఇలాంటి మాటలు నాకు కొత్త కాదు. నెలకు రెండుసార్లయినా ఎవరో ఒకరితో ఇదే గొడవ. ప్రతిసారీ నేనే లేనిపోని అడ్డు చెప్పేదాన్నవుతాను. ఆ రోజు నాకు విసుగు నెత్తికెక్కింది. సంచీ సర్దుకుని బయటికి వచ్చాను.

వరండాలో పేషెంట్ రమణయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. త్రిపురాంతకంలో విత్తనాల దుకాణం ఆయనది. తొలకరి పడితే గిరాకీ మొదలవుతుంది, మూటలు ఎత్తాలి. ఆ లోపే ఆపరేషన్ చేయించుకోవాలని వచ్చాడు. పక్కనే ఆయన భార్య సుబ్బమ్మ. నేను వెళ్లిపోతున్నానని కనిపెట్టి లేచి నిలబడింది.

“ఏందమ్మా, పోతుండావు? రాత్రి నుంచి ఆయన పచ్చి మంచినీళ్లు ముట్టలా. మొదటి బస్సుకు పడి వచ్చినాం.”

“డాక్టర్ గారు చెబుతారక్కా,” అని ఆటో ఎక్కేశాను.

నాలుగు వీధుల అవతల ఇంకో ఆసుపత్రిలో నా తరువాతి కేసు. అక్కడి సర్జన్ ఇంకా రాలేదు. గంట గడిచి ఉంటుంది, ఫోన్ మోగింది. కరుణ ఏడుస్తోంది.

“మేడం, రమణయ్య పెదాలు నీలంగా అయిపోయినాయి. పిలిస్తే పలకడం లేదు. సార్ లోకల్ ఇచ్చి మొదలుపెట్టినారు. కదులుతుండాడని రెండు రకాల మత్తు ఇంజక్షన్లు వేసినారు.”

లోకల్ అంటే కోసే చోట మాత్రమే మొద్దుబార్చడం. దాని మీద మత్తు ఎక్కువైతే మనిషి నిద్రలోనే ఊపిరి తీయడం మానేస్తాడు.

“ఏడవకు. ఫోన్ స్పీకర్‌లో పెట్టు. తల వెనక్కి వంచి దవడ పైకి లాగు. పిల్లల మాస్క్ నోటికి చాలదు, ముక్కు మీద పెట్టు. నోరు గట్టిగా మూసి బ్యాగ్ పిసుకు. ఛాతీ లేస్తోందా?”

“లేయడంలా... లేయడంలా మేడం.”

“దవడ ఇంకా పైకి లాగు. నోటి పక్క నుంచి గాలి పోనీయొద్దు.”

“ఆ... లేస్తుండాది!”

“ఆపొద్దు. నేను వచ్చేదాకా ఆపొద్దు.”

నేనున్న ఆసుపత్రిలో చిన్న సిలిండర్, పెద్దవాళ్ల మాస్క్ అడిగి తీసుకుని ఒళ్లో పెట్టుకుని ఆటోలో బయలుదేరాను. వెళ్లేసరికి సర్జన్ గారు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. కరుణ మాత్రం దవడ వదల్లేదు. పెద్ద మాస్క్ తగిలించి ఆక్సిజన్ పెట్టి, మత్తుకు విరుగుడు ఇచ్చాను. పెదాలకు రంగు తిరగడానికి పట్టిన ఆ కొద్ది నిమిషాలు నా జీవితంలో అన్నిటికంటే పొడుగైనవి. రమణయ్య దగ్గాడు, మూలిగాడు. సర్జన్ గారు గాయం మూసి కట్టు కట్టారు. అంబులెన్సులో పక్కనే కూర్చుని ఒంగోలు దాకా నేనే తీసుకెళ్లాను.

మనిషి బతికాడు. మాట, జ్ఞాపకం ఏవీ చెడలేదు. నేను ఫిర్యాదు రాసి పంపాను, అధికారులు వచ్చి ఈసారి వెనక గదికి తాళం వేశారు. అంతకుముందు ఎన్ని గదులు చూసి, విసుక్కుని, ఊరుకున్నానో నాకే లెక్క లేదు.

రెండు వారాలకు రమణయ్య, సుబ్బమ్మ మా ఇంటికి వచ్చారు. దండం పెట్టబోతే వద్దన్నాను. మాటల్లో సర్జన్ గారి ప్రస్తావన వచ్చి, ఆ రోజు ఆయనతో నేను అన్నవన్నీ కాస్త గొప్పగానే చెప్పుకొచ్చాను. రమణయ్య తల వంచుకుని విన్నాడు.

“ఇవన్నీ ఆయనకు చెప్పినావు డాక్టరమ్మా, బాగుండాది. నాకెందుకు చెప్పలా? నేను అక్కడే బెంచీ మీద కూర్చోనుంటి. మేడంకు వేరే పనుందంట, చిన్న ఇంజక్షన్‌తో చేసేస్తాం అని చెప్పినారు. సరే అన్నా. గాలి లేని గది అని ఒక్క మాట చెప్పుంటే లేసి బస్సెక్కి పోయేవాణ్ణి.”

సుబ్బమ్మ నా వైపు చూసింది. ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నకు నేనిచ్చిన జవాబు గుర్తొచ్చి నా ముఖం వేడెక్కింది.

నా కోపమంతా సర్జన్ మీద చూపించి, నా బాధ్యత తీరిందనుకున్నాను. కోత పడేది ఎవరి ఒంటి మీదో ఆ మనిషిని దాటుకుని ఆటో ఎక్కాను. ఆపరేషన్ గదిలో ఏమేం ఉండాలనే నిబంధనలు రాసింది రమణయ్య కోసం. వాటి సంగతి తెలియనిది కూడా ఆయనకే.

ఇప్పుడు ఎక్కడైనా నేను కాదంటే, ముందు పేషెంట్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఇక్కడ ఏం లేదో, అది లేకపోతే ఏమవుతుందో, ఎక్కడికి వెళితే ఉంటుందో మామూలు మాటల్లో చెబుతాను. పేషెంట్లను బెదరగొడుతున్నానని రెండు క్లినిక్‌లు నన్ను పిలవడం మానేశాయి. మానేయనీ.