సముద్రం దాటిన మీసాలు

మార్కాపురంలోని రాళ్ల ఫ్యాక్టరీలో మా అత్త, నేను పనిచేసేవాళ్లం. గోడలకు అతికించే నల్లరాతి టైల్స్‌ను విదేశాలకు పంపడానికి చెక్కపెట్టెల్లో సర్దడం మా పని. మీసాల మేస్త్రీ ఊరికే కసురుతుంటే ఒకరోజు అత్తకు ఒళ్లు మండింది. మేకుతో ఒక టైల్ మీద ఆయన మొహం గీసి, పెట్టెలో దూర్చేసింది.

"ఎవురన్నా చూస్తే?" అన్నాను భయంగా.

"సముద్రం దాటినాక ఎవురు చూస్తారే!"

కొన్నాళ్లకు యజమాని ఫోన్ పట్టుకుని వచ్చాడు. సరుకు కొన్న జర్మనీ ఆయన ఆ టైల్‌ను తన దుకాణం గోడకు అతికించి, ఫొటో పంపాడట.

"ఇట్లాంటియి ఇంకా కావాలంట. ఎవురు గీసినారు?"

మేస్త్రీ ఫొటో చూసి, అత్త వైపు తిరిగాడు. నేను అత్త వెనక్కి జరిగాను.

"నా ముక్కు అంత లావా?" అన్నాడు.

కొత్త ఆర్డర్ కోసం ఆయనే అత్త ఎదుట కూర్చున్నాడు. కసరబోయినప్పుడల్లా అత్త, "నోరు మూసుకో అన్నా, బొమ్మ చెడిపోతాది" అనేది. నేను నవ్వాపుకోలేక పక్కకు పోయేదాన్ని.

పెట్టెలు లారీకెక్కిన రోజు మేస్త్రీ డ్రైవర్ దగ్గరకు పరుగెత్తాడు.

"గుంతల్లో మెల్లగా తోలు నాయనా, దాంట్లో నేనుండా!"