బాబాయి కారు వెనకద్దం

ఆ రోజుల్లో మా చల్లపల్లి వైపు ఇంటికి కారొస్తే కొత్తకోడలు వచ్చినట్టే. చూడటానికీ అందరూ వచ్చేవాళ్లు, వంకలు పెట్టడానికీ అందరూ వచ్చేవాళ్లు. (ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు సెకండ్‌హ్యాండ్ కారు కొని చూడమనలేదు. వాళ్ల పుణ్యం బాగుంది.) మా బాబాయి కొన్న కారు వెనకద్దం మీద సన్నటి గీతలు అడ్డంగా ఉండేవి. పగుళ్లని ఒకరు, రేడియో తీగలని ఇంకొకరు తేల్చారు. బెజవాడ గవర్నర్‌పేటలో కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను, ఆఫీసులో కారున్నవాళ్లని అడిగొచ్చి ఉపన్యాసమిచ్చాను: అవి కరెంటు గీతలు, బటన్ నొక్కితే వేడెక్కి అద్దం మీది తేమని ఆవిరి చేస్తాయి, పక్కద్దాల వెనక కూడా అలా వేడెక్కే రేకు ఉంటుంది అని. "ఎండలకే మాడిపోతున్నాం, అద్దాలకి కుంపటి కూడానంట్రా!" అని బాబాయి పగలబడి నవ్వాడు. ఆ గీతల మీద పాత ఓనరు లోపలివైపు తన ఇంటిపేరు స్టిక్కరు అంటించుకున్నాడు. పరాయి ఇంటిపేరుతో పూజకెళ్లడమేంటని, మంగళగిరి బయల్దేరే ముందు బాబాయి దాన్ని బ్లేడుతో భక్తిగా గీకేశాడు. స్టిక్కరుతోపాటు మధ్య గీతలూ తెగిపోయాయి.

ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున బాబాయికి గుండెనొప్పి వచ్చింది. ఇంట్లో ఇంకెవరికైనా డ్రైవింగు వస్తే కదా, నేనే. (వచ్చు అంటే లైసెన్సు వచ్చిందని.) వెనకసీట్లో పిన్ని ఒళ్లో బాబాయి తల. బెజవాడ ఆసుపత్రికి బయల్దేరాం. కాలవగట్టు మీద కొంతదూరం పోగానే, మంచులో చెరుకు ట్రాక్టరు రోడ్డుకి అడ్డంగా తిరగబడి ఉంది. గట్టు మీద బండి తిప్పే చోటు లేదు, వంతెనదాకా రివర్సులోనే పోవాలి. ఓ పక్క నిండు కాలవ. చూద్దామంటే వెనకద్దం మా ఊపిర్లకి తెల్లబడిపోయింది. ఏడుపొచ్చింది నాకు. బటన్ నొక్కాను, చిన్న లైటు వెలిగింది. "ఇంకా కరగట్లేదేంట్రా నాయనా?" అంది పిన్ని. కాసేపటికి పైనా కిందా అద్దం తేటపడింది. బ్లేడు తగిలిన మధ్యభాగం మాత్రం తెల్లగానే ఉండిపోయింది. పక్కద్దాల మీది చెమ్మ ఆరి, గట్టు అంచు కనబడింది. బయటి మంచుని ఏ బటనూ తీయలేదు గానీ, నాకు ఆ అంచు చాలు. దాన్నే చూసుకుంటూ మెల్లగా వంతెన చేరాను. అంత నొప్పిలోనూ బాబాయి "ఒరేయ్, స్టీరింగు అంత తిప్పకు" అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రి గుమ్మం ముందు ఇంజను దానంతటదే ఆగిపోతే, తాళం అలాగే వదిలేసి దిగాను. స్ట్రెచరు మీద తోసుకెళ్తుంటే బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ బటన్ ఆపావా?"

"లేదు బాబాయ్."

"బ్యాటరీ దిగిపోద్ది. సాయంత్రం ఇంటికెలా పోతాం? ఆపి రాపో."

పరిగెత్తాను. లైటు ఆరిపోయి ఉంది. కొంతసేపటికి తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు అందులో ఉందని నాకు అప్పుడే అర్థమైంది. ఇంత మంచి సంగతి చెబితే బాబాయి ఎంత మురిసిపోతాడోనని మళ్లీ పరిగెత్తాను. పిన్ని గోడకానుకుని నేలమీద కూర్చుని ఉంది. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.

ఇప్పుడు నా కారులోనూ ఆ బటనుంది. నొక్కినప్పుడల్లా ఆ రోజు పరిగెత్తిన కుర్రాడు, అంటే అప్పటి నేను, గుర్తొచ్చి చిన్న నవ్వొస్తుంది. వినే మనిషి లేడని తెలిసీ, ఆయాసపడుతూ, బాబాయిని తీసుకెళ్లిన గది మూసిన తలుపు వైపు తిరిగి, "అదే ఆగిపోయింది బాబాయ్, బ్యాటరీకేం కాలేదు" అని గట్టిగానే చెప్పాడు పాపం.