ఒక్క బొమ్మ చాలన్న రఫియా మేడమ్

ఎక్స్‌రే కిరణాలు తగలకుండా వేసుకునే సీసపు ఆప్రాన్ విప్పగానే చెమట పట్టిన వీపుకు ఏసీ గాలి చల్లగా తగులుతుంది. అప్పుడల్లా నాకు డాక్టర్ రఫియా గారు గుర్తుకొస్తారు. నడుంనొప్పికి వెన్నులో ఇంజెక్షన్ ఇవ్వడం విజయవాడలో నాకు నేర్పింది ఆవిడే. కాలికింద పెడల్ నొక్కితే, సూది ఎముకల మధ్య ఎక్కడుందో ఎక్స్‌రే తెర మీద కనిపిస్తుంది. నొక్కి ఉంచినంతసేపూ కిరణాలు రోగి ఒంట్లోకి పోతూనే ఉంటాయి. కొన్ని చెదిరి మన మీదా పడతాయి. సూది ఎటు పోతుందోనని, కొత్తవాళ్లకు పెడల్ మీంచి కాలు తీయడమంటే భయం. మేడమ్ మెల్లగా అనేవారు: "ఒక్క బొమ్మ తీసుకుని కాలు తీసెయ్యమ్మా. దాన్ని చూస్తూ ఆలోచించుకో. ఆలోచించడానికి కిరణాలెందుకు?" బొమ్మ తీసేముందు మిగతావాళ్లను అద్దం అవతలికి పంపేసేవారు. గదిలో బోర్లా పడుకున్న రోగీ, ఆవిడా మిగిలేవారు. అవతలి నుంచి చూస్తే ఆవిడ చాలా ఒంటరిగా కనిపించేవారు.

ఒకసారి పామర్రు నుంచి ఒక రైతు వచ్చాడు. పాత ఆపరేషన్ వల్ల వెన్ను దగ్గర కండ గట్టిపడి సూది దిగలేదు. మేడమ్ కొంతసేపు ప్రయత్నించి, సూది తీసేసి, ఆయన తల దగ్గర కూర్చున్నారు. "దారి దొరకలేదండీ. ఇంకా వెతికితే మీకు ఎక్స్‌రే ఎక్కువైపోతుంది. కింద నుంచి ఇంకో దారుంది, వచ్చేవారం చూద్దాం." నొప్పికి కూర్చోలేక బస్సులో నిలబడే వచ్చిన మనిషి, దిండులో మొహం దాచుకుని ఏడ్చాడు. బయట ఆయన బావమరిది గొడవపడ్డాడు. ఆసుపత్రి యాజమాన్యం మేడమ్‌ను పిలిపించి సంజాయిషీ అడిగింది. ఆ మధ్యాహ్నం మేడమ్‌తో కలిసి భోంచేయడానికి ఎవరూ రాలేదు.

ఆవిడ గదిలోకి వెళ్లి, కిరణాల విషయంలో ఇంత పట్టుదల ఎందుకని అడిగాను. మేడమ్ చేతులు బల్లమీద చాపారు. వేళ్ల చర్మం పలచబడి, గోళ్లు చీలి ఉన్నాయి. "నేను నేర్చుకునే రోజుల్లో ఈ చెయ్యి కిరణాల్లోనే ఉండేది. వద్దనడానికి పక్కన ఎవరూ లేరు," అన్నారు.

వారం తరువాత తోక ఎముక వైపు నుంచి ఇచ్చిన ఇంజెక్షన్ సులువుగా దిగింది. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆ రైతు, దారంతా కూర్చునే వచ్చానని చెప్పాడు.

పోయిన వానాకాలం మేడమ్ మంగళగిరిలో చెల్లెలి ఇంట్లో కన్నుమూశారు. మొన్న ఒక చిక్కు కేసు కొద్ది బొమ్మలతోనే ముగించాను. రోగికి ఎంత రేడియేషన్ అందిందో చూపే అంకె తెరమీద ఎంతో చిన్నదిగా ఉంది. కేసు త్వరగా అయిందని అందరూ సంతోషించారు. ఆ అంకె చూసి సంతోషించే మనిషి మాత్రం లేరు. కాసేపు దాని ముందే నిలబడి, తరువాతి రోగిని పంపమన్నాను.