వానలో నీళ్లు కట్టినవాడు

భూమేష్‌తో ఒకే గదిలో ఉండటమంటే కుళాయి కాపలాదారుతో కాపురం చేయడమే. పళ్లు తోముకుంటూ నీళ్లు వదిలేస్తే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి కట్టేస్తుంది. స్నానానికి వెళ్లి రెండో బకెట్ పట్టుకుంటే తలుపు దబదబా మోగుతుంది. గడ్డం గీసుకోవడానికి అతనికి సగం గ్లాసు నీళ్లు చాలు. ఆ సగం గ్లాసూ పారబోయడు, గుమ్మం పక్కన డబ్బాలో పెంచుకుంటున్న పుదీనాకు పోస్తాడు. సబ్బు నురగ తాగి పెరిగిన పుదీనాను చట్నీలో వేసుకునే ధైర్యం నాకు ఇంతవరకూ రాలేదు.

నా పేరు ఆంజి, మాది రాయచోటి పక్కన ఒక పల్లె. ఖతర్‌లో అల్ ఖోర్ దాటాక ఎడారిలో ఒక కూరగాయల తోట ఉంది, అందులో పికప్ డ్రైవర్ని. కోసిన కాయల్ని దోహా మార్కెట్‌కీ, వారానికోసారి దోహా పక్కనే ముఐథర్‌లో ఉన్న యజమాని ఇంటికీ చేరవేయడం నా డ్యూటీ. యజమానిని మేమంతా అర్బాబు అంటాం. భూమేష్ జగిత్యాల దిక్కు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. తోటలో నీళ్ల పని అతనిది.

ఒకసారి సరుకు దించడానికి సాయంగా నాతో ముఐథర్ వచ్చాడు. పక్కింటి నేపాలీ డ్రైవరు పైపు పట్టుకుని వీధంతా కాలువ కట్టించి కారు కడుగుతున్నాడు. తాగే నీళ్లతో అలా కడగడం ఇక్కడ చట్టప్రకారం తప్పు, దొరికితే జరిమానా. ఆ సంగతి భూమేష్‌కు అప్పటికి తెలియదు. తెలియకుండానే నేరుగా వెళ్లి కుళాయి కట్టేసి, పైపు చుట్టగా చుట్టి ఆ డ్రైవరు చేతిలో పెట్టి వచ్చాడు. ఆ నేపాలీ, ఇతనెవరో నీళ్ల ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి అనుకుని సెల్యూట్ కొట్టినంత పని చేశాడు. నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వాను.

ఈ జబ్బు అతనికి ఊళ్లోనే అంటుకుంది. వాళ్ల రెండెకరాలూ ఎస్సారెస్పీ కాలువకు చిట్టచివర. పైవాళ్ల మళ్లన్నీ తడిశాక మిగిలితే తడి, లేకపోతే దుమ్ము. వానొచ్చినప్పుడు కూడా పైవాళ్లు తూములు మూయకుండా ఇళ్లలో పడుకుంటే, ఇతను నెత్తిన యూరియా సంచి కప్పుకుని కాలువ పొడుగునా నడిచి ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చేవాడట. దానికి తిట్లు తిన్నాడు, రెండుసార్లు దెబ్బలూ తిన్నాడు. చివరికి భూమి బీడు పెట్టి విమానం ఎక్కాడు. మొదటి మూడేళ్లు ఒక క్లీనింగ్ కంపెనీలో చేరి వెస్ట్ బే మేడల్లో నేలలు తుడిచాడు. తర్వాత ఈ తోటలోకి వచ్చిన రోజు గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకుని చాలాసేపు వదల్లేదని మా వంటవాడు ఇప్పటికీ చెబుతాడు.

మా తోటలో గ్రీన్‌హౌసులు ఉన్నాయి, బయట మూడెకరాల ముక్క ఉంది. బయటి ముక్కలో చలికాలం మాత్రమే పంట. దానికి బావి నీళ్లే దిక్కు. ఆ బావి ఏటేటా ఉప్పెక్కుతోంది, గుక్కెడు నోట్లో పోసుకుంటే మింగలేం. పోయిన అక్టోబరులో అర్బాబు వచ్చి, బావికి మీటరు పెట్టించి, ఒక మాట చెప్పి వెళ్లాడు. ఈ చలికాలం కొలత నీళ్లతో బీన్స్ పంట తీస్తే సరి. తీయలేకపోతే బయటి ముక్క శాశ్వతంగా బంద్, గ్రీన్‌హౌసులు మాత్రం ఉంటాయి. గ్రీన్‌హౌసుల నీళ్లు కంప్యూటరే చూసుకుంటుంది కాబట్టి అక్కడ భూమేష్‌కు పని లేదు. మళ్లీ ఏదో కంపెనీలో తుడుపుకర్ర పట్టాల్సిందే. ఆ రోజు అతను అన్నం సరిగ్గా తినలేదు.

తోట సూపర్‌వైజర్ జియావుద్దీన్ భాయ్ హైదరాబాద్ మనిషి, వ్యవసాయం చదువుకున్నవాడు. డ్రిప్పు పైపులు పరిపించి భూమేష్‌కు అన్నీ ఓపికగా చెప్పాడు. నీళ్లు మొక్క మొదట్లో చుక్కచుక్కగా పడతాయి, తడి అంచుల్లో ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, అది వేళ్లకు దూరంగా ఉన్నంతకాలం భయం లేదు. అంతా విని భూమేష్ తలాడించాడు. వెళ్తూ వెళ్తూ భాయ్ ఇంకో మాట అన్నాడు.

“వాన పడితే మాత్రం డ్రిప్పు బంద్ చెయ్యొద్దు. పడ్డంతసేపు నడవాల్నే. సమఝ్ గయే?”

భూమేష్ దానికీ తలాడించాడు. గదికి వచ్చాక మాత్రం బూట్లు విసిరేసి, “వానల నీళ్లు పెట్టుడేంది తమ్మీ? పార పట్టనోళ్ల ముచ్చట్లు,” అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది. రాయచోటి వాణ్ణి వానలో నీళ్లు పారించమంటే కుక్కల్ని ఉసిగొల్పుతాడు.

డిసెంబరులో ఒక శుక్రవారం జియావుద్దీన్ భాయ్ జుమ్మా నమాజుకని దోహా వెళ్లి, అటునుంచి అటే అక్కగారింట్లో ఉండిపోయాడు. మధ్యాహ్నం డ్రిప్పు నడుస్తుండగా మబ్బు పట్టింది. చినుకు పడింది. ఎడారిలో చినుకంటే మాటలా! ఇద్దరం బనీన్ల మీదే బయటికి పరుగెత్తాం. అతను ఒక వాల్వు మూశాడు, రెండోది నేను మూశాను. తిలా పాపం తలా పిడికెడు. తర్వాత ఉల్లిపాయ పకోడీలు వేసుకుని మెట్ల మీద కూర్చుని తిన్నాం. అరగంట జల్లు పడి ఆగిపోయింది. మీటరు దగ్గరికి వెళ్లి ఎన్ని నీళ్లు మిగిలాయో చూసుకుని వచ్చిన భూమేష్ మొహం చూడాలి, పెళ్లికొడుకు కళ ఉంది.

మూడో రోజుకు బీన్స్ ఆకుల అంచులు మాడాయి. ఐదో రోజుకు, అన్నిటికంటే ఉప్పు ఎక్కువ పేరుకున్న ఒక ఎకరం మొత్తం టీ రంగుకు తిరిగి తలలు వాల్చేసింది. జియావుద్దీన్ భాయ్ వచ్చి మోకాళ్ల మీద కూర్చుని ఒక మొక్క పీకి చూశాడు. అరిచినా బాగుండేది, అరవలేదు. పెద్ద వాన అయితే ఉప్పును వేళ్లు దాటించి కిందికి తీసుకుపోయేదని, ఈ జల్లు మాత్రం అంచుల్లో ఉన్న ఉప్పంతా తెచ్చి వేళ్ల మీద పోసి వెళ్లిపోయిందని, డ్రిప్పు నడుస్తూ ఉంటే దాన్ని బయటికి నెట్టేసేదని మెల్లగా చెప్పాడు. భూమేష్ ఆ పీకిన మొక్కను చేతిలోకి తీసుకుని, మళ్లీ గుంటలో పెట్టి మట్టి కప్పాడు. అది బతకదని అతనికి తెలుసు.

మరుసటి వారం అర్బాబు వచ్చాడు. పంపు చెడిపోయిందని చెబుదామని జియావుద్దీన్ భాయ్ ముందే అనుకున్నాడు. భాయ్ నోరు తెరిచేలోపే భూమేష్ ముందుకు వచ్చి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, వచ్చిన రెండు అరబ్బీ ముక్కల్లో వాల్వు తానే మూశానని చెప్పేశాడు. వాన మాటా ఉప్పు మాటా అందులో రాలేదు. రెండో వాల్వు మూసింది నేనని నేను చెప్పలేదు. ఆ సిగ్గు నన్ను చాలా రోజులు తిన్నది. అర్బాబు కాలిపోయిన ఎకరం అంచున నిలబడి చూసి, మిగిలిన రెండెకరాలు కూడా పోతే ఆ రోజే ముక్క మూసేస్తానని చెప్పి వెళ్లాడు.

అప్పటినుంచి భూమేష్‌కు కొత్త పిచ్చి పట్టింది. పొద్దున్నే సాళ్ల మధ్య గొంతుక్కూర్చుని, వేలితో మట్టి తవ్వి నాలుక మీద పెట్టుకునేవాడు. అంచున ఒక చిటికెడు, వేరు దగ్గర ఒక చిటికెడు. ఏ సాలులో నీళ్లు తక్కువ పడ్డాయో, ఏ పైపు రంధ్రం మూసుకుపోయిందో నాలుకతో చెప్పేవాడు. “ఏం న్నా, టిఫన్ అయిందా?” అని నేను ఏడిపిస్తే, “అయింది, ఇయ్యాల ఉప్పు సరిపోయింది,” అనేవాడు. జియావుద్దీన్ భాయ్ తన యంత్రం పెట్టి కొలిచి చూస్తే ఎప్పుడో ఒకసారి తప్ప తేడా వచ్చేది కాదు. జనవరిలో భాయ్ సెలవు మీద హైదరాబాద్ వెళ్తూ, తోట తాళాలు వంటవాడికీ, నీళ్లు భూమేష్‌కూ అప్పగించాడు.

భాయ్ వెళ్లిన రెండో వారం, ఒక మంగళవారం సాయంత్రం నాలుగింటికి మళ్లీ మబ్బు. మళ్లీ అవే సన్న చినుకులు. ఆ వేళకు డ్రిప్పు కట్టేసి ఉంది. భూమేష్ వాల్వు దగ్గరికి వెళ్లి చెయ్యి వేశాడు, కానీ తిప్పలేకపోయాడు. పైనుంచి నీళ్లు పడుతుంటే కిందినుంచి నీళ్లు వదలడం అతనికి అన్నం మీద కాలు పెట్టినంత పాపం. చివరికి కళ్లు మూసుకుని, ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు గొణుక్కుంటూ తిప్పాడు. రెండోది నేను తిప్పాను, ఈసారి తెరవడానికి.

పది నిమిషాల్లో ఫోను మోగింది. మీటరు లెక్క అర్బాబుకు ఫోన్లోనే కనిపిస్తుంది. వానలో నీళ్లు ఎందుకు పోతున్నాయని అడిగి, బంద్ చెయ్యమన్నాడు. భూమేష్ ఫోను చెవికి పెట్టుకుని చేను వైపు చూశాడు.

“లా, అర్బాబ్,” అన్నాడు.

వద్దు అన్నమాట. అతనితో ఒకే గదిలో ఉన్న ఇన్నాళ్లలో ఆ మాట ఎవరితోనూ అనగా నేను వినలేదు. అవతల ఫోను కట్టయింది. అర్బాబు బయల్దేరి ఉంటాడని, గంటలో వచ్చేస్తాడని ఇద్దరికీ తెలుసు. నాకు భయం వేసింది.

“మూసేయ్ న్నా. ఆయప్పే మూయమంటాండాడు. చేను పోతే ఆయప్పదే గదా పొయ్యేది,” అన్నాను.

“ఆయన దోహల ఉంటడు తమ్మీ. సస్తే నా కండ్ల ముందల సస్తది,” అన్నాడు భూమేష్. వాల్వు పక్కనే, బురదలో కూర్చున్నాడు.

అర్బాబు వచ్చాడు. కారు దిగి తెల్లటి అంగీ బురదలో ఈడ్చుకుంటూ నేరుగా వాల్వు దగ్గరికి నడిచాడు. భూమేష్‌కు ఉప్పు సంగతంతా చెప్పేంత అరబ్బీ రాదు. లేచి, కాలిపోయిన ఎకరంలోకి వెళ్లి చిటికెడు మట్టి తెచ్చి, కొంచెం తాను నాలుక మీద పెట్టుకుని, మిగతాది అరచేతిలో పెట్టి చాపాడు. అర్బాబు అతని మొహం చూశాడు, మట్టి చూశాడు. నేను వానకు ప్లాస్టిక్ క్రేటు నెత్తిన పెట్టుకుని చూస్తున్నాను. అర్బాబు వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుని, వెంటనే ఉమ్మేశాడు. భూమేష్ ఈసారి డ్రిప్పు నడుస్తున్న సాలులో వేరు పక్కనుంచి తీసి ఇచ్చాడు. దాన్ని అర్బాబు ఉమ్మలేదు. కాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

అప్పుడు నాకు ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, వచ్చీరాని హిందీలో, డిసెంబరులో రెండో వాల్వు మూసింది నేనేనని చెప్పేశాను. అర్బాబుకు ఎంత అర్థమైందో గానీ, నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత వాల్వు వైపు చెయ్యి ఊపి, “ఖల్లీ,” అన్నాడు. ఉండనీ అని. జల్లు ఆగిపోయాక కూడా ఇంకో గంట నీళ్లు నడిచాయి, ఆ గంటసేపూ ముగ్గురం అక్కడే ఉన్నాం.

మూడో రోజు గడిచింది, ఐదో రోజు గడిచింది, ఆకు మాడలేదు. ఫిబ్రవరి అంతా ఆ రెండెకరాల బీన్స్ నా బండిలో దోహాకు వెళ్లాయి. నెలాఖరున ఒక పొద్దున నేను క్రేట్లు ఎక్కిస్తుంటే భూమేష్‌కు ఫోను వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ కాలిపోయిన ఎకరంలోకి నడిచి, వంగి, మట్టి రుచి చూసి, ఫోన్లో ఏదో చెప్పాడు. తిరిగి వచ్చి బండి వెనక డాలా మీద కూర్చున్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఏమైంది న్నా అని అడిగాను.

“అర్బాబు. వచ్చే చలికాలం ఆ ఎకరంల ఏం పెడ్దామని అడిగిండు. నీళ్లు ఎంతసేపు పెట్టాల్నని నన్నడిగిండు తమ్మీ. నన్ను.”