వెనక సీటు కుట్లు

కొట్టంలో మూలనపడ్డ మా తాత కారులో, వెనక సీట్లో దాక్కొని నవలలు చదివేదాన్నని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆడపిల్లకు నవలలెందుకని బాపు కోప్పడేవాడు.

ఒక వానాకాలం నేను వేములవాడలో మేనత్త ఇంట్లో ఉండగా, ఎలుకలు ఆ సీటును కుట్ల ఆనవాలు కూడా లేకుండా పీకి పెట్టాయి. అవ్వ, అంటే మా అమ్మ, పెళ్లికూతురుగా వచ్చిన కారు అది. నేను తిరిగొచ్చేసరికి, సీటు మునుపటిలాగే ఉండాలని బాపు కరీంనగర్ నుంచి సీట్లు కుట్టే సాబును పిలిపించాడు. తోలు ఒక్క సీటుకే సరిపోయేంత దొరికింది.

"కుట్లు నిలువు గీతలుండె," అన్నాడు బాపు.

"మీకేమెరుక? పెండ్లినాడు ముందట కూసొని తొవ్వ జూసిన్రు. పతంగుల లెక్క గడులుండె," అంది అవ్వ.

"ఏదో ఒకటి జర ఫైసలా చేసుకోండ్రి. కోసినంక అతుకు పెట్టరాదు," అన్నాడు సాబు.

చదువుతున్నంతసేపూ ఆ కుట్ల వెంటే నా వేలు తిరిగేది. భయపడుతూనే గచ్చు మీద బొగ్గుతో గీశాను: నడుము ఆనే చోట నిలువు గీతలు, తల ఆనే చోట గడులు. నాకెలా తెలుసని బాపు అడుగుతాడేమోనని బొగ్గు పారేసి పక్కకు జరిగాను. ఆయన అలాగే కుట్టమని సాబుతో అన్నాడు.

సీటు సిద్ధమైన రోజు అవ్వ దాన్ని నిమిరి నవ్వింది. నేను మెల్లగా ఇంట్లోకి పోతుంటే బాపు పిలిచాడు.

"ఇగ దుమ్ముపట్టిన అద్దం దించుకొని కూసో బిడ్డా. గా చీకట్ల చదివితే కండ్లు పాడైతయి."